సిఫ్నోస్ కొండ మీద అయిదు రాత్రులు

ఎనభై ఏడు మెట్లు. లెక్కపెట్టింది నేను కాదు, నాన్న. గది బుక్ చేసుకునేటప్పుడు "సముద్రం కనిపించే గది" అన్న మాట చూసి మురిసిపోయాను గానీ, సముద్రం అంత బాగా కనిపించాలంటే ఆ గది ఎంత ఎత్తున ఉండాలో ఆలోచించలేదు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. "అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కినవాణ్ణి, ఇదెంత" అన్నారు. ఎక్కింది నలభై ఏళ్ల క్రితమని అమ్మ గుర్తుచేసింది.

అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి మ్యూనిక్‌లో ఉన్న నా దగ్గరికి వచ్చారు. జర్మనీ ఇచ్చిన షెంజెన్ వీసాతో గ్రీసు కూడా తిరగవచ్చు కాబట్టి, 2025 సెప్టెంబరు మొదట్లో ఒక వారం ఏదైనా దీవికి వెళ్దామనుకున్నాం. శాంతోరిని ధరలు చూశాక ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. అదే సైక్లడీస్ దీవుల్లో విమానాశ్రయం లేని చిన్న దీవి సిఫ్నోస్ కనిపించింది. అందులో ఒక కుటుంబం నడిపే పది గదుల హోటలు. మూడు మంచాల గది, నాలుగు రాత్రులు.

ఏథెన్స్ విమానాశ్రయంలో నీలం లైను మెట్రో ఎక్కితే నేరుగా పిరేయస్ రేవు దగ్గర దిగవచ్చు. టిక్కెట్టు 9 యూరోలు. కానీ మెట్రో దిగడంతో పని అయిపోదు. ఓడలు ఆగే గేట్లు రేవు పొడవునా పరచుకుని ఉంటాయి. మా గేటు నంబరు చూసుకోకుండా, సామాను ఈడ్చుకుంటూ ఎదురు దిక్కుకు పావుగంట నడిచాం. ఇక ఓడ విషయం. వేగంగా పోయేది మూడు గంటల్లోపు చేరుస్తుంది. పెద్ద ఓడకు అయిదు గంటల దాకా పడుతుంది, ధర తక్కువ. నేను తెలివిగా రానుపోను వేగంగా పోయేదే కొన్నాను. ఆ తెలివి సంగతి తర్వాత చెబుతాను.

సిఫ్నోస్‌లోని కమారెస్ రేవులో దిగేసరికి యజమానురాలి కొడుకు వ్యానుతో నిలబడి ఉన్నాడు. రోడ్డు మెట్ల మొదటి దాకానే. అక్కడి నుంచి మా రెండు పెట్టెలనూ చెరో భుజం మీద పెట్టుకుని మేకపిల్లలా ఎక్కేశాడు. చక్రాల పెట్టె ఇలాంటి చోట ఎందుకూ పనికిరాదు. కొండ మీద బస అనుకుంటే వీపు సంచీ ఒక్కటే తెచ్చుకోండి.

పైన హోటలు అనదగ్గది ఏమీ లేదు. తెల్ల సున్నం కొట్టిన ఇల్లు, ద్రాక్ష పందిరి, దాని కింద బల్ల, బల్ల మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న డెబ్బై ఏళ్ల పెద్దావిడ. గట్టు మీదున్న కళ్లద్దాలు పెట్టుకుని మా పాస్‌పోర్టుల వివరాలు పుస్తకంలో రాసుకుంది. గది అద్దె ముందే కట్టినా మరో 8 యూరోలు అడిగింది. నేను మొహం చిట్లించాను. అది ఆవిడ సొంత వసూలు కాదు, ప్రభుత్వం వేసే వాతావరణ రుసుము. ఒకటి, రెండు నక్షత్రాల హోటళ్లలో గదికి రోజుకు 2 యూరోలు, అయిదు నక్షత్రాల హోటల్లో అయితే 15. ఇది హోటల్లోనే విడిగా కట్టాలి. బుకింగులో చిన్న అక్షరాల్లో ఉందట. చదివితే కదా.

అసలు తిప్పలు మాటతో వచ్చాయి. గ్రీకులో అవునంటే "నే". ఆవిడ ఫోనులో "నే, నే, నే" అంటుంటే నాన్న దిగులుపడ్డారు. "అన్నిటికీ నై అంటోంది, మనకు గది ఇస్తుందంటావా?" కాదు అనాల్సి వస్తే అక్కడివాళ్లు కనుబొమలు ఎగరేసి, గడ్డం కాస్త పైకెత్తి, నాలుకతో "ప్చ్" అంటారు. వేడినీళ్లు ఇప్పుడు వస్తాయా అని అమ్మ సైగచేసి అడిగితే ఆవిడ "ప్చ్" అంది. "పాపం, మన అవస్థ చూసి జాలిపడుతోంది" అంది అమ్మ. ఉదయం ఎనిమిదింటికి ఫలహారం సరేనా అని అడిగితే, నాన్న మన పద్ధతిలో తల అటూ ఇటూ ఊపారు. ఆవిడ తొమ్మిది అంది. మళ్లీ ఊపారు. పది అంది. నేను స్నానం ముగించుకుని రాకపోతే అది మధ్యాహ్న భోజనం దాకా పోయేది.

స్నానాల గదిలో గోడకు ఒక కాగితం అంటించి ఉంది: మరుగుదొడ్డిలో కాగితం వేయవద్దు, పక్కనున్న బుట్టలో వేయండి. గొట్టాలు సన్నవి, పూడుకుపోతాయి. గ్రీసులో చాలాచోట్ల ఇదే పద్ధతి. మాకు కాగితంతో పేచీ లేదు, కావలసింది చెంబు. దాన్ని గ్రీకువాళ్లకు సైగల్లో ఎలా వివరిస్తాం? నీళ్లు పోస్తున్నట్టు అమ్మ చేతులు తిప్పి చూపించింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. లోపలికి వెళ్లి ఎర్రమట్టి కూజా ఒకటి తెచ్చింది. అరలీటరు వైన్ పోసుకునేది, నీలం చేప బొమ్మ వేసింది. సిఫ్నోస్ కుండలకు పేరుబడ్డ దీవి. ఆ కూజాను పట్టుకుని ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తిరిగి ఇస్తే బాధపడుతుందేమోనని తీసుకున్నాం. దేనికి వాడామో వేరే చెప్పక్కర్లేదు.

శనివారం సాయంత్రం ఆవిడ వంటింట్లో అమ్మ ఒక పెద్ద మట్టికుండ చూసింది. అందులో నానిన కాబూలీ శనగలు, ఉల్లిపాయ ముక్కలు, బిరియానీ ఆకు, చూస్తేనే గుండె గుభేలుమనేంత ఆలివ్ నూనె. పేరు రెవిథాదా. మూతపెట్టి, కొడుకు చేత కట్టెల పొయ్యి ఉన్న రొట్టెల బట్టీకి పంపింది. రాత్రంతా ఆ సెగలోనే ఉడుకుతుంది, ఆదివారం చర్చి నుంచి వస్తూ తెచ్చుకుంటారు. మరునాడు మూత తీసేసరికి శనగ నోట్లో వేసుకుంటే వెన్నలా కరిగింది. పైన నిమ్మకాయ పిండుకోవాలి. రెండు రోజులుగా రొట్టె, టమాటాలు, జున్నుతో సరిపెట్టుకుంటున్న అమ్మ రెండుసార్లు వడ్డించుకుని, "పోపు ఒక్కటే తక్కువ" అని తీర్పు చెప్పింది. శాకాహారులకు ఈ దీవిలో ఆదివారమే పండుగ.

సోమవారం బస్సులో దీవి ముఖ్యపట్టణం అపొల్లోనియాకు, అక్కడి నుంచి పాత కోట ఊరు కాస్త్రోకు వెళ్లాం. కాస్త్రో కింద సముద్రంలోకి పొడుచుకొచ్చిన బండ మీద తెల్లటి బుల్లి చర్చి, ఏడుగురు అమరులది. బాగుంది. కానీ అమ్మకు దానికంటే వీధులే నచ్చాయి. పలకరాళ్ల మధ్య సందులన్నీ సున్నంతో తెల్లగా దిద్ది, గడపల ముందు పువ్వులు వేసి ఉన్నాయి. "వీళ్లకూ ముగ్గులున్నాయే" అని ప్రతి గుమ్మం ముందూ ఆగింది.

ఆ సాయంత్రం మెట్లెక్కి వస్తుంటే, పెద్దావిడ సముద్రం వైపు వేలు చూపి "ప్రొవాతాకియా" అంది. కొడుకు అర్థం చెప్పాడు: గొర్రెపిల్లలు. నీళ్ల మీద తెల్లటి నురగలు మందలుమందలుగా పరిగెడుతున్నాయి. వేసవిలో ఉత్తరం నుంచి వీచే ఈ గాలిని మెల్తెమి అంటారు. "రేపు మీ ఓడ రాదు" అంది ఆవిడ. నా ఫోనులో మాత్రం ఓడ సరైన సమయానికే ఉంది. ఫోనునే నమ్మాను.

మంగళవారం ఉదయం పదింటికి ఓడ రద్దయిందని సందేశం వచ్చింది. గాలి బలాన్ని అక్కడ బోఫోర్ట్ అంకెల్లో చెబుతారు. 8 వచ్చిందంటే సాధారణంగా ఓడలన్నీ రేవుల్లోనే ఆగిపోతాయి. వేగంగా పోయే ఓడలైతే అంతకంటే ముందే ఆపేస్తారు. అదీ నా తెలివి. మా విమానం బుధవారం రాత్రి. రేవులో టిక్కెట్ల దుకాణం ముందు గంటన్నర నిలబడ్డాను. ఓడ వాళ్లే రద్దుచేస్తే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా మరో ఓడకు మార్చుకోవచ్చు. పెద్ద ఓడకు మార్పించాను. ఎప్పుడొస్తుందంటే కౌంటరులోని అమ్మాయి ఆకాశం వైపు చూసింది.

గది కోసం మళ్లీ పైకెక్కాను. మా గదిలో దుప్పట్లు మార్చనేలేదు. పెద్దావిడకు ముందే తెలుసు కదా. ఆ రాత్రికి సగం అద్దె చాలంది. ప్రభుత్వం వారి 2 యూరోలు మాత్రం పూర్తిగా తీసుకుని రసీదు ఇచ్చింది.

అర్ధరాత్రి దాటాక గాలి తగ్గింది. నాలుగింటికి కొడుకు తలుపు కొట్టాడు. కింద అఖాతంలో దీపాల వరుసతో ఓడ తిరుగుతోంది. అతను పెట్టెలతో ముందు, నాన్న టార్చిలైటుతో వెనుక, మెట్లు దిగాం. దిగేటప్పుడు నాన్న ఎనభై ఆరే అన్నారు. ఇప్పటికీ ఆ ఒక్క మెట్టు గురించి మథనపడుతుంటారు.

పెద్దావిడ పందిరి కిందే అమ్మ చేతిలో వార్తాపత్రికలో చుట్టిన పొట్లం పెట్టింది. ఓడలో విప్పి చూస్తే నీలం చేప కూజా, శుభ్రంగా కడిగి ఉంది. అదిప్పుడు రాజమండ్రిలో మా ముందుగదిలో అద్దాల బీరువాలో ఉంది. వచ్చినవాళ్లందరూ చేతిలోకి తీసుకుని చూస్తారు. మొన్న మా పిన్ని అందులో మజ్జిగ పోసి ఇస్తానంటే, అమ్మ, నాన్న ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు.