డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేశాక నా ల్యాప్‌టాప్ వేగం ఏమైంది?

ల్యాప్‌టాప్ డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయాలని, అంటే పాస్‌వర్డ్ లేనివారు చదవలేని రూపంలోకి మార్చాలని, చాలాకాలంగా అనుకుంటున్నా, యంత్రం నెమ్మదిస్తుందన్న మాట విని విని ఆ పనిని వాయిదా వేస్తూ వచ్చాను. ఆ మాట చెప్పేవారు ఏ పనిలో నెమ్మదిస్తుందో, ఎంత నెమ్మదిస్తుందో మాత్రం చెప్పరు. అందుకని ముందు వేగాన్ని కొలిచి, ఎన్‌క్రిప్ట్ చేసి, అవే కొలతలను మళ్ళీ తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. నేను వాడేది లైనక్స్ కనుక, అందులో డిస్క్ ఎన్‌క్రిప్షన్‌కు వాడే లక్స్2 పద్ధతిని ఎంచుకున్నాను.

మొదట ప్రాసెసర్ సంగతి చూశాను. ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి లెక్కలను నేరుగా చేసిపెట్టే ప్రత్యేక ఆదేశాలను ఇంటెల్ 2010లో వెస్ట్‌మియర్ ప్రాసెసర్లతో ప్రవేశపెట్టింది. అవి లేని యంత్రంలో అదే లెక్కను మామూలు ఆదేశాలతో చేయవలసి రావడం వల్ల భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఎన్‌క్రిప్షన్ అంటే నెమ్మది అన్న పేరు చాలావరకు ఆ కాలం నుంచి వచ్చినదేనని నా అభిప్రాయం. లక్స్‌ను నడిపే క్రిప్ట్‌సెటప్ సాధనంలోని బెంచ్‌మార్క్ ఆదేశం డిస్క్‌ను ముట్టుకోకుండా, మెమరీలోనే ఒక్కొక్క సైఫర్ (ఎన్‌క్రిప్ట్ చేసే లెక్క పద్ధతి) వేగాన్ని కొలిచి చూపిస్తుంది. నా యంత్రంలో, డిస్క్‌లకు వాడే ఏఈఎస్ రూపమైన ఏఈఎస్-ఎక్స్‌టీఎస్ సెకనుకు 2 గిగాబైట్లు దాటగా, ప్రత్యేక ఆదేశాల అండ లేని సర్పెంట్, టూఫిష్ అనే వేరే సైఫర్లు కొన్ని వందల మెగాబైట్ల దగ్గరే ఆగిపోయాయి. పాత తరహా సాటా కనెక్షన్‌తో పనిచేసే ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) ఎంత బాగా పనిచేసినా సెకనుకు 550 మెగాబైట్ల చుట్టుపక్కలే ఉంటుంది, తిరిగే హార్డ్ డిస్క్ వేగం అంతకన్నా చాలా తక్కువ. కాబట్టి ఆ ప్రత్యేక ఆదేశాలున్న ప్రాసెసర్‌తో అలాంటి డిస్క్ వాడేవారికి ఏఈఎస్ అడ్డంకి అయ్యే అవకాశం దాదాపుగా లేదు. నాది మాత్రం అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ, సైఫర్‌తో పోటీపడగల వేగం దానిది.

ఉన్న సమాచారాన్ని చెరపకుండా ఎన్‌క్రిప్ట్ చేయడానికి, బ్యాకప్ తీసుకున్న తర్వాత, పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ సిస్టమ్‌ను నడిపి, ఎన్‌క్రిప్షన్ వివరాలు ఉండే లక్స్ హెడర్‌కు చోటు దొరికేలా ఫైల్‌సిస్టమ్‌ను కొంచెం కుదించాను. డిస్క్‌లోని ప్రతి భాగాన్నీ చదివి, మార్చి, తిరిగి రాసే పని కనుక గంటలు పట్టింది. మధ్యలో ఆగినా ఆగినచోటి నుంచే కొనసాగించే సౌకర్యం లక్స్2లో ఉంది, అయినా నేను చార్జర్ తీయలేదు.

తరువాత కొలతలు. పెద్ద ఫైళ్ళను ఏకధాటిగా చదవడంలో తగ్గుదల స్పష్టంగా కనిపించింది, కాని రోజువారీ పనిలో అంత వేగంతో ఫైళ్ళు చదివే సందర్భం నాకు దాదాపుగా రాదు. చదివిన ఫైల్‌ను సిస్టమ్ మెమరీలో దాచుకుంటుంది కనుక, ఆ కాష్‌ను తప్పించి కొలవకపోతే రెండు అంకెలూ ఒకేలా కనిపించి మోసం చేస్తాయి. చిన్న చిన్న ముక్కలను అక్కడక్కడి నుంచి చదివే పరీక్షలో ఒక్కొక్క అభ్యర్థనకు కొంత ఆలస్యం చేరింది. ఈ ఆలస్యంలో లెక్కల వాటా ఎంతో, పనిని ఒక వరుస నుంచి మరొక వరుసకు అప్పగించే ఏర్పాటు వాటా ఎంతో చూడాలనిపించింది. 2020లో వచ్చిన లైనక్స్ 5.9 కెర్నెల్ నుంచి, చదివేటప్పుడూ రాసేటప్పుడూ ఆ వరుసలను పక్కనపెట్టే ఐచ్ఛికాలు, డిస్క్ ఎన్‌క్రిప్షన్ చేసే కెర్నెల్ భాగమైన డీఎం-క్రిప్ట్‌లో ఉన్నాయి. వాటిని ఆన్ చేశాక చిన్న రీడ్‌ల ఆలస్యం తగ్గింది. బ్రౌజర్ తెరవడంలో, పత్రాలు రాయడంలో, వీడియో చూడడంలో ముందుకూ ఇప్పటికీ తేడా నాకు తెలియలేదు. బ్యాటరీ విషయంలో కూడా అంతే.

కంటికి కనిపించే ఆలస్యం ఒక్కటే ఉంది, అది బూట్ సమయంలో పాస్‌ఫ్రేజ్ (పొడవైన పాస్‌వర్డ్) ఇచ్చాక వచ్చే విరామం. అది కావాలని పెట్టినది. పాస్‌ఫ్రేజ్ నుంచి కీని రాబట్టడానికి లక్స్2 వాడే ఆర్గాన్2ఐడీ అనే లెక్క సుమారు 2 సెకన్లు పట్టేలా, మెమరీని కూడా బాగా వాడుకునేలా అమర్చి ఉంటుంది, కోట్ల పాస్‌ఫ్రేజ్‌లను వరుసగా ప్రయత్నించే దొంగకు ప్రతి ప్రయత్నమూ భారం కావాలన్నదే ఉద్దేశం. ఒకసారి తాళం తెరిచాక ఆ లెక్క మళ్ళీ జరగదు. దాన్ని తగ్గించుకోవచ్చు, కాని నేను తగ్గించలేదు.

నెలలు గడిచాక వేగాన్ని నిజంగా దెబ్బతీయగలది మరొకటి ఉంది, దాని గురించి చాలామంది మాట్లాడరు. ఫైల్ చెరిపినప్పుడు ఆ చోటు ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డీకి తెలియజేసే ట్రిమ్‌ను లక్స్ తనంతట తాను ముందుకు పంపదు. దాంతో డిస్క్ అంతా నిండే ఉన్నట్లు ఎస్‌ఎస్‌డీ భావించి, కాలక్రమంలో రాతలు నెమ్మదించవచ్చు. ట్రిమ్‌ను అనుమతిస్తే ఎంత చోటు వాడుకలో ఉందో, ఎక్కడ ఖాళీ ఉందో డిస్క్‌ను పరిశీలించేవారికి తెలుస్తుంది, లోపలి విషయం మాత్రం తెలియదు. నా భయమల్లా ల్యాప్‌టాప్ పోతే పత్రాలు ఎవరి చేతికో చిక్కుతాయన్నదే కనుక, ట్రిమ్‌ను అనుమతించి, ఖాళీ చోటు వివరాన్ని వారానికోసారి పంపే టైమర్‌ను ఆన్ చేశాను.