లంబ్రికల్స్ నాకు కంచం దగ్గర అర్థమయ్యాయి: నీట్ పీజీ ప్రిపరేషన్ అనుభవం

అనాటమీని చివరికి వాయిదా వేస్తున్నవాళ్ల కోసం, అప్పర్ లింబ్ (చెయ్యి) టేబుల్స్ చూడగానే పుస్తకం మూసేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. లంబ్రికల్స్ అంటే అరచేతిలోని సన్నటి కండరాలు.

ఒక గ్రాండ్ టెస్టులో ప్రశ్న ఇది: అల్నార్ నర్వ్ (చిటికెన వేలి వైపు వెళ్లే నరం) మోచేతి దగ్గర తెగితే వేళ్లు ఎక్కువ కొంకర్లు పోతాయా, మణికట్టు దగ్గర తెగితేనా? నేను మోచేయి అని పెట్టాను. పైన తెగితే నష్టం ఎక్కువ, కాబట్టి వంకరా ఎక్కువే అనుకున్నాను. తప్పు. మణికట్టు దగ్గర తెగితేనే వంకర ఎక్కువ, దీన్నే ‘అల్నార్ పారడాక్స్’ అంటారు. ఆ మాట నా నోట్సులో ఎర్ర పెన్నుతో కింద గీత గీసి మరీ ఉంది. మాట గుర్తుంది, లోపల జరిగేది తెలీదు. మార్కు పోయినందుకంటే దానికే ఎక్కువ బాధపడ్డాను.

మర్నాడు విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని, పుస్తకంలోని టేబుల్స్ పక్కన పెట్టేసి, లంబ్రికల్ ఒక్కదాన్నే పట్టుకున్నాను. లాటిన్‌లో వానపామును లంబ్రికస్ అంటారు, పేరు అక్కడిదే. అరచేతిలో నాలుగు ఉంటాయి. ఇవి ఎముక నుంచి పుట్టవు, ఎముక మీద ముగియవు. ముంజేతి నుంచి వచ్చి వేళ్ల కొసల్ని ముడిచే ఎఫ్‌డీపీ (ఫ్లెక్సర్ డిజిటోరమ్ ప్రొఫండస్) కండరపు టెండన్ మీద పుట్టి, వేలికి బొటనవేలి వైపు నుంచి తిరిగి, వెనకనున్న ఎక్స్‌టెన్సర్ ఎక్స్‌పాన్షన్‌లో కలుస్తాయి. అంటే వేలిని ముడిచే తాడు మీద పుట్టి, చాచే తాడుకు సాయం వెళ్తాయి. అందుకే వేలి మొదలు, అంటే ఎంసీపీ జాయింటు, వంగుతుంది. మిగతా కణుపులు చాచుకుంటాయి.

నర్వ్ సప్లై బట్టీ పట్టక్కర్లేదని అప్పుడే తెలిసింది. ఆ వేలి ఎఫ్‌డీపీకి ఏ నర్వో, దాని లంబ్రికల్‌కీ అదే. చూపుడువేలు, మధ్యవేలు మీడియన్ నర్వ్. ఉంగరపు వేలు, చిటికెన వేలు అల్నార్. కొందరిలో తేడాలుంటాయి కానీ పరీక్షకు ఇది చాలు. మొదటి రెండూ ఒక్కో టెండన్ నుంచే పుట్టే యూనిపెన్నేట్, తర్వాతి రెండూ పక్కపక్క టెండన్ల నుంచి పుట్టే బైపెన్నేట్.

ఇప్పుడు పారడాక్స్ చూడండి. మణికట్టు దగ్గర తెగితే చివరి రెండు వేళ్ల లంబ్రికల్స్, వాటితోపాటు ఇంటరోసియై (అరచేతి ఎముకల మధ్యనుండే చిన్న కండరాలు) పోతాయి. ఎదురు లేక ఎక్స్‌టెన్సర్ మొదలును వెనక్కి లాగుతుంది, ముంజేతిలో క్షేమంగా ఉన్న ఎఫ్‌డీపీ కొసల్ని ముడిచేస్తుంది. మోచేతి దగ్గర తెగితే ఆ రెండు వేళ్ల ఎఫ్‌డీపీ కూడా పడిపోతుంది, ముడిచేవాడే బలహీనపడతాడు. అందుకే వంకర తక్కువ. పైన తెగిన నర్వ్ కోలుకునేటప్పుడు ఎఫ్‌డీపీ ముందు తేరుకుంటుంది కాబట్టి వంకర కొన్నాళ్లు పెరుగుతుంది. పేషెంటు భయపడతాడు, మనం భయపడకూడదు.

ఇదంతా నా మనసులో పాతుకుపోయింది మాత్రం ఇంటర్న్‌షిప్‌లో చూసిన ఒక మనిషి వల్ల. హార్బర్‌లో వలలు బాగుచేసే పెద్దాయన. గాజు పెంకు మణికట్టు దగ్గర దిగింది. కుట్లు మానాయి, వేళ్లు మానలేదు. ‘అన్నం కలపలేకపోతన్నాను డాక్టరమ్మా, ఈ రెండు వేళ్లూ అడ్డొస్తన్నాయి’ అన్నాడు. దోసిలి పట్టమంటే ఆ పక్క నుంచి నీళ్లు కారిపోతాయని చెయ్యి చూపించాడు. వలల మాట ఎత్తనే లేదు. అన్నం మాటే చెప్పాడు.

ఆ రాత్రి మెస్‌లో పప్పన్నం తింటూ నా చెయ్యి నేను చూసుకున్నాను. ముద్ద పైకెత్తేటప్పుడు వేళ్లు మొదళ్ల దగ్గర వంగి, కొసలు దాదాపు తిన్నగా ఉంటాయి, బొటనవేలు వెనక నుంచి నెడుతుంది. రోజుకు రెండుపూటలా చేస్తున్న పని లంబ్రికల్ పొజిషనే! మీరూ ఈరోజు భోజనం దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి. ఈ కండరాల్లో మజిల్ స్పిండిల్స్, అంటే కండరం ఎంత సాగిందో పసిగట్టే భాగాలు, చాలా ఒత్తుగా ఉంటాయి. వేలు ఎంత వంగిందో మెదడుకు చెప్పే పనీ వీటిదే అనడానికి అదే ఆధారం.

కుష్ఠు కూడా అల్నార్‌నే ఎక్కువగా పట్టుకుంటుంది. 1940ల చివర్లో వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ అలాంటి చేతులకు వేరే టెండన్‌ను మళ్లించి, పోయిన లంబ్రికల్ పనిని దానిచేత చేయించారు. టెండన్ ట్రాన్స్‌ఫర్ ప్రశ్న వస్తే ఆప్షన్లు చదవకముందే ఏ పని పోయిందో అనుకోండి, జవాబు దగ్గర పడుతుంది.

నేను తడబడిన చోట్లు ఇంకొన్ని. డీప్ ట్రాన్స్‌వర్స్ మెటాకార్పల్ లిగమెంటుకు (వేళ్ల మొదళ్లను అడ్డంగా కలిపే పట్టీకి) లంబ్రికల్స్ అరచేతి వైపు వెళ్తాయి, ఇంటరోసియై వెనక వైపు. ఫ్రోమెంట్ సైన్ (బొటనవేలు, చూపుడువేలి మధ్య కాగితం పట్టించి లాగే పరీక్ష) వీటిది కాదు, బొటనవేలిని దగ్గరికి లాగే అడక్టర్ పాలిసిస్‌ది. కాగితం లాగుతుంటే బొటనవేలి కొస ముడుచుకుంటుంది, ఎందుకంటే అడక్టర్ బదులు మీడియన్ సప్లై ఉన్న, బొటనవేలి కొసను ముడిచే ఎఫ్‌పీఎల్ కండరం పనిచేస్తుంది.

పాదం దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడి లంబ్రికల్స్ కాలివేళ్లను ముడిచే ఎఫ్‌డీఎల్ కండరపు టెండన్ల మీద పుడతాయి. ఎఫ్‌డీఎల్‌కు టిబియల్ నర్వ్, కానీ మొదటి లంబ్రికల్‌కు మీడియల్ ప్లాంటార్ నర్వ్, మిగతా మూడింటికీ లేటరల్ ప్లాంటార్. యూనిపెన్నేట్ కూడా మొదటిదొక్కటే. చేతిలో పనికొచ్చిన సూత్రం ఇక్కడ పనికిరాదు, దీన్ని విడిగానే చదవండి.