రంగూన్ ఇంట్లో అతిథుల లెక్క

మా తాతయ్య రంగూన్‌లో నడిపిన బట్టల కొట్టును 1964లో సైనిక ప్రభుత్వం జాతీయం చేసింది. ఆయన కుటుంబంతో ఓడెక్కి విశాఖపట్నం చేరి, బర్మా క్యాంపులో బతుకును మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. అక్కడే ఉండిపోయిన ఆయన తమ్ముణ్ణి, అంటే మా చిన్నతాతను, ఒక్కసారైనా చూడాలని 2014 డిసెంబరులో రంగూన్ వెళ్లాను.

పాత మేడలో మూడో అంతస్తు వాళ్లది. "మనోళ్లందరూ బాగున్నారా, బాబూ?" అని ఆయన అడిగిన తెలుగులో ఉత్తరాంధ్ర యాస చెక్కుచెదరలేదు. ఆయన ట్రంకుపెట్టె తెరిచి, 75 చాట్ల నోట్లు ఒక కట్ట తీసి నా చేతిలో పెట్టారు. అంచులు నలిగి, మధ్య మడతలో గోధుమరంగు తేలిన ఆ నోట్లను 1987 సెప్టెంబరులో ప్రభుత్వం ఉన్నట్టుండి రద్దు చేసింది. మార్చుకోవడానికి గడువు లేదు, పరిహారం లేదు. వాటి స్థానంలో వచ్చినవి 45, 90 చాట్ల నోట్లు, ఎందుకంటే అప్పుడు దేశాన్ని ఏలుతున్న మాజీ సైన్యాధిపతి నె విన్‌కు తొమ్మిది అంకె అచ్చివచ్చిందని నమ్మకం. ఒక మనిషి నమ్మకం కోసం కోట్లమంది దాచుకున్న డబ్బు చిత్తుకాగితాలైందని తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఆ నె విన్ మొదటిసారి అధికారంలోకి వచ్చింది, పైకి చూస్తే, బలవంతంగా కూడా కాదు. 1958లో పాలకపక్షం రెండుగా చీలితే, ప్రధాని ఊ నూయే ఆయనను పిలిచి ఆపద్ధర్మ ప్రభుత్వాన్ని అప్పగించారు. 1960లో ఎన్నికలు జరిపి దిగిపోయిన సైన్యం 1962 మార్చి 2న ఎవరూ పిలవకుండానే తిరిగి వచ్చింది.

ఆ సాయంత్రం మౌల్మీన్ నుంచి చిన్నతాత మనవరాలు వచ్చింది. చీకటి పడకముందే ఆమె అన్న ఇంటి సభ్యుల జాబితానూ, చెల్లెలి గుర్తింపు కార్డునూ పట్టుకుని వార్డు కార్యాలయానికి బయలుదేరాడు. రాత్రికి ఇంట్లో అతిథిగా ఎవరు పడుకున్నా ముందుగా తెలియజేయాలని 2012 నాటి చట్టం చెబుతోంది. సొంత చెల్లెలు తాతగారింట్లో పడుకోవడానికి కూడా అనుమతా అని నేను ఆశ్చర్యపోతే, అతను మాత్రం పాలపొట్లానికి వెళ్లేవాడిలా చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. అప్పట్లో వార్డుల పాలన సాధారణ పరిపాలన విభాగం కిందిది, ఆ విభాగం హోంశాఖ కిందిది, హోంమంత్రిని ఎంపిక చేసేది సైన్యాధిపతి. వీధిలో ఒక్క తుపాకీ కనిపించకపోయినా ఆ ఇంటి గడపకూ సైన్యాధిపతికీ మధ్య ఉన్న దూరం ఆ నాలుగు మెట్లే.

తరువాత ఐదారు గంటలు బస్సులో ప్రయాణించి, 2005లో సైన్యం రాజధానిగా చేసుకున్న నేపిడా చూశాను. ఇరవై వరుసల రహదారి మీద పట్టుమని పది బండ్లు లేవు. దాని పక్కనున్న పార్లమెంటులో అప్పుడు 664 స్థానాలకు గాను 166 సైన్యానివే. రాజ్యాంగంలోని కీలకమైన అధికరణలను సవరించాలంటే నాలుగింట మూడు వంతులకు మించిన మద్దతు కావాలి కనుక, ప్రజలు ఎవరిని గెలిపించినా సైన్యం ఒప్పుకోనిదే వాటిలో అక్షరం మారదు.

2016లో కొత్త పార్లమెంటు, సైనిక సభ్యులు వ్యతిరేకించినా, ఆ అతిథుల నిబంధనను సడలించినప్పుడు చిన్నతాత ఫోనులో సంబరపడ్డారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ అధికారాన్ని చేజిక్కించుకుని, రెండు వారాలు తిరగకముందే ఆ నిబంధనను తిరిగి తెచ్చింది. అప్పటికి ఆయన లేరు. మనవడు మళ్లీ చీకటి పడకముందే ఆ జాబితా పట్టుకుని వెళుతున్నాడు.