శ్రీకాకుళంలో ఉండి రీల్స్‌తో సంపాదించడం: నా అనుభవం

పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, రైతు బజారులో నన్నెవరైనా గుర్తుపడితే రెండో మాట ఇదే: "నెలకెంతొస్తాదమ్మా?" దాపరికం లేకుండా చెప్తాను. శ్రావణమాసం, దసరా, సంక్రాంతి ఉన్న నెలల్లో, ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్‌గా నాకొచ్చిన జీతానికి రెట్టింపు పైనే వస్తుంది. మూఢం వచ్చిందంటే అందులో సగం కూడా రాదు. నా ఫాలోవర్లు ముప్పై వేల చిల్లర. హైదరాబాద్ లెక్కలో అది అంకే కాదు. శ్రీకాకుళం లెక్క వేరు. ఆ లెక్క ఎలా నడుస్తుందో రాస్తాను.

నేను మొదలెట్టింది టిక్‌టాక్‌లో. 2020 జూన్ 29న కేంద్రం దాన్ని నిషేధించినప్పుడు మా నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్ళలో చాలామందికి ఉన్నదంతా రాత్రికి రాత్రి పోయింది. పొలం గట్ల మీద డాన్సులు కట్టే కుర్రాళ్ళు, మొగుడూపెళ్ళాల స్కిట్లు చేసేవాళ్ళు, అందరిదీ అదే పరిస్థితి. కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి, ఆ సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. కొందరు మళ్ళీ మొదలుపెట్టారు, విసుగొచ్చి మానేసినవాళ్ళే ఎక్కువ. కరోనాకి స్కూలు మూసి జీతం ఆపేశారు కాబట్టి నాకు తీరిక దొరికింది. అప్పటినుంచీ తీసిన ప్రతి వీడియో ఒరిజినల్ హార్డ్ డిస్క్‌లో దాచుకుంటాను, ఇన్‌స్టాలోనూ యూట్యూబ్‌లోనూ రెండుచోట్లా పెడతాను.

ఏ వీడియోలు చేయాలని పెద్దగా ఆలోచించలేదు. మా అత్త వంట చేస్తుంటే తీశాను. చోడి (రాగి) అంబలి, ఆవపెట్టిన పనసపొట్టు కూర, నూపొడి (నువ్వుల పొడి) చల్లిన బీరకాయ. ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నాం. కింద కామెంట్లు: "ఈ భాషేంటి బాబూ", "కామెడీ ట్రాక్ బాగుంది". సినిమాల్లో మా యాసని పనిమనుషులకీ కమెడియన్లకీ తగిలించి తగిలించి, మేం నోరు తెరిస్తేనే నవ్వాలని జనానికి అలవాటు చేశారు. మా చెల్లి టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడమంది. కొన్నాళ్ళు ప్రయత్నించాను కూడా. నేనలా మాట్లాడగానే అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది, షాటు పోయేది. "మన మాట మనం మాటాడితే ఎవులికేటి నొప్పి?" అంది చివరికి. అదే ఖాయమైంది.

నా వీడియోల్లో అన్నిటికన్నా ఎక్కువమంది చూసింది విజయనగరం సిరిమానోత్సవం. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ పండగ. పూజారి సిరిమాను అనే పొడవాటి చెట్టు మాను చివర కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతారు. ఆ జనంలో ఫోన్ సిగ్నల్ ఉండదు, లైవ్ మాట మర్చిపోవాలి. సాయంత్రం బయటపడ్డాక అప్‌లోడ్ చేస్తే లక్షల వ్యూస్ వచ్చాయి. దానివల్ల నాకు పైసా రాలేదు, ఒక్క షాపు కూడా ఫోన్ చేయలేదు. అదే నెలలో, శ్రీకాకుళంలో మగ్గం వర్క్ జాకెట్లు ఎక్కడెక్కడ కుడతారు, ఎవరు ఎంత తీసుకుంటారు, చెప్పిన రోజుకి ఎవరు ఇస్తారు అని ఒక వీడియో చేశాను. వ్యూస్ చెప్పుకోవడానికి సిగ్గేసేంత తక్కువ. కానీ అందులో చూపించిన ఒకామె మర్నాడే ఫోన్ చేసింది: "అమ్మా, పొద్దున్నుంచి నీ పేరు సెప్పుకుని ఒస్తన్నారు. మళ్ళీ ఒకటి సేస్తావా, డబ్బులిస్తాను."

నా సంపాదన మొదలైంది అక్కడే. పండగ వీడియో చూసినవాళ్ళు తెలుగు నేలంతా ఉన్నారు, వాళ్ళెవరూ ఏడు రోడ్ల జంక్షన్‌కి వచ్చి జాకెట్ కుట్టించుకోరు. ఇన్‌స్టాలో అకౌంటుని ప్రొఫెషనల్‌గా మార్చుకుంటే ఇన్‌సైట్స్‌లో మనల్ని చూసేవాళ్ళు ఏ ఊళ్ళవాళ్ళో కనిపిస్తుంది. నేను షాపుకెళ్తే ఫాలోవర్ల సంఖ్య ఎత్తను, ఆ స్క్రీన్ చూపిస్తాను. నాకు మొదట శ్రీకాకుళం, తర్వాత విశాఖ, హైదరాబాద్, విజయనగరం. ఒక బట్టల షాపు ఓనరు హైదరాబాద్ మీద వేలు పెట్టి, "ఈళ్ళు నా కొట్టుకొస్తారేటి?" అన్నాడు. మన జిల్లా నుంచి పనులకి వెళ్ళినవాళ్ళే వాళ్ళు, సంక్రాంతికి ఊరొచ్చి ఇంటిల్లిపాదికీ బట్టలు ఇక్కడే కొంటారు అన్నాను. ఆయనకి ఆ సంగతి నాకన్నా బాగా తెలుసు. ఊరికే బేరానికి అడిగాడు.

ఇక రేట్లు. మొదట్లో చీర ఇస్తాం, బిర్యానీ పెడతాం అనేవాళ్ళే అందరూ. కొన్ని ఒప్పుకున్నాను, చేతిలో చూపించడానికి పని ఉండాలి కదా. ఇప్పుడు ఒక రీల్‌కి ఇంత అని ఒకటే రేటు. దానికి మించి రెండు విషయాలకి వేరే డబ్బు తీసుకుంటాను. ఒకటి, నా వీడియోని వాళ్ళు తమ పేజీ నుంచి యాడ్‌గా డబ్బు పెట్టి తిప్పుకుంటే. రెండు, నా ఫొటో ఫ్లెక్సీ మీద వేస్తే. ఈ రెండోది కొత్తవాళ్ళకి తట్టదు. ఒక రీల్ డబ్బులిచ్చి, ఏడాదంతా మన మొహం బస్టాండు ఎదురుగా వేలాడదీస్తారు.

మాటంతా వాట్సాప్‌లో రాసుకుంటాను: ఏ రోజు షూటింగ్, ఎన్ని సెకన్లు, ఎన్నిసార్లు మార్పులు చేస్తాను, వీడియో ఎన్నాళ్ళు పేజీలో ఉంచుతాను, సగం అడ్వాన్సు, మిగతా సగం పోస్టు చేసే ముందు. "సరే" అని వాళ్ళు జవాబు పెట్టాకే కదులుతాను. ఇంత చేసినా ఒక ఫంక్షన్ హాల్ ఓపెనింగ్‌కి ఓనరు బంధువుల మాట మీద డబ్బులు ముట్టకుండానే పోస్టు చేయాల్సి వచ్చింది. రెండో సగం ఇప్పటికీ రాలేదు. ఫోన్ చేస్తే "మన పిల్లవే కదా" అంటారు. మన పిల్లకి కరెంటు బిల్లు రాదా మరి.

ఇంకో తగువు పాటల దగ్గర వస్తుంది. ప్రతి ఓనరూ హిట్ పాట పెట్టమంటాడు. మామూలు రీల్‌కి యాప్‌లో దొరికే సినిమా పాటలు వ్యాపార ప్రకటనకి వాడుకోవడానికి హక్కు ఉండదు. బిజినెస్ అకౌంట్లకి ఆ లైబ్రరీ సగం కనిపించదు, పెట్టినా ఆడియో తీసేసే ప్రమాదం ఉంది. అందుకని ఒక తప్పెటగుళ్ళ బృందంతో మాట్లాడి, డబ్బులిచ్చి, వాళ్ళ దరువులు రకరకాలుగా రికార్డు చేసుకున్నాను. ఎక్కడ వాడతానో వాళ్ళకి ముందే చెప్పాను. గుండెలకి కట్టుకున్న రేకు తప్పెట మీద ఆ వేగం పడితే చీరల వీడియోకి కూడా ఊపొస్తుంది. ఇప్పుడు షాపులవాళ్ళు అదే కావాలంటున్నారు.

యూట్యూబ్ డబ్బు గురించి అందరికీ ఊహలెక్కువ. యాడ్స్ రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, పన్నెండు నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. షార్ట్స్ ఫీడ్‌లో జనం చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. నా పొడుగు వీడియోలు అత్త వంటలే కాబట్టి గంటలు వాటివల్లే నిండాయి, అదీ నత్తనడక. ఆ గీత దాటాక, సంపాదన పది డాలర్లకి చేరితే అడ్రసు సరిచూడడానికి ఇంటికి పోస్టులో పిన్ నంబరు వస్తుంది. మా వీధిలో ఇంటి నంబర్లు రెండు వరసలు, పాతవీ కొత్తవీ. మొదటి కవరు ఎటుపోయిందో తెలీదు. మళ్ళీ పంపమని కోరి, ముందుగానే పోస్ట్‌మన్ అన్నయ్యకి చెప్పి ఉంచితే రెండోది చేతికొచ్చింది. వంద డాలర్లు నిండేదాకా డబ్బు కదలదు, నిండాక నెలలో ఇరవయ్యో తారీకు దాటాక వస్తుంది. అమెరికా పన్ను ఫారం కూడా నింపాలి. నింపితే అక్కడివాళ్ళు చూసినందుకు వచ్చిన ముక్కలో 15 శాతమే పట్టుకుంటారు, నింపకపోతే ఇంకా ఎక్కువ పోతుంది. పాన్ కార్డు మీద, బ్యాంకు పాస్‌బుక్కు మీద, ఈ డబ్బు పంపే గూగుల్ ఖాతా యాడ్‌సెన్స్‌లో పేరు ఒకేలా ఉండాలి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్ళు ఇది మొదటే చూసుకోండి. విదేశీ డబ్బు కాబట్టి స్విఫ్ట్ కోడ్ అడుగుతారు, చిన్న బ్రాంచీలకి అది ఉండదు. మా బ్రాంచిలో పెద్ద బ్రాంచి కోడ్ రాసిచ్చారు. ఇంత చేస్తే నాకొచ్చేది ఎంతంటే, ఇంట్లో ఇంటర్నెట్టు, ఫోన్ల రీచార్జులు, కొంత పెట్రోలు వెళ్ళిపోతాయి. అంతే. ఇల్లు నడిచేది మాత్రం షాపుల డబ్బుతోనే.

డబ్బు తీసుకున్నప్పుడు అది ప్రకటన అని చెప్పి తీరాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు పెట్టింది, కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో ఇంకా వివరంగా చెప్పింది. ఉచితంగా ఇచ్చిన చీరకైనా ఇది వర్తిస్తుంది. నేను వీడియో మొదట్లోనే "ఇది ప్రకటన" అని తెలుగులో వేస్తాను, పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్ కూడా పెడతాను. కొందరు ఓనర్లకి నచ్చదు, "యాడ్ అంటే ఎవులు సూస్తారు" అంటారు. చూస్తారు. డబ్బులు తీసుకుందని తెలిసి కూడా నమ్మితేనే షాపుకొస్తారు. తప్పుదోవ పట్టించే ప్రకటన చేస్తే చెప్పినవాళ్ళకి కూడా పది లక్షల దాకా జరిమానా వేయొచ్చని 2019 వినియోగదారుల చట్టంలో ఉంది. ఈ ముక్క చెప్తే చాలు, ఓనర్లు ఇంక మాట్లాడరు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ డబ్బు ఇస్తామన్నది చీరల కంపెనీ కాదు, ఒక పొడి అమ్మేవాడు. కిడ్నీలు బాగుచేస్తుందట. కావాలని ఉద్దానం పేరు ఎత్తి మరీ మాట్లాడాడు: కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు నాకు ఎంతమంది ఫాలోవర్లున్నారో చెప్పమన్నాడు. ఆ మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతకాలి. మా పెదనాన్న కొడుకు సోంపేట దగ్గర నుంచి డయాలసిస్‌కి తిరుగుతున్నాడు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి, డాక్టర్లే కారణం ఇదీ అని ఇంకా తేల్చి చెప్పలేకపోతున్నారు. వీడికి పొడి దొరికిందట. "అన్నా, నాకు వంట తెలుసు, వైద్యం తెలీదు" అని ఫోన్ పెట్టేశాను. మా ఆయన పక్కనే ఉన్నాడు, ఆ నెల ఈఎంఐ కూడా పక్కనే ఉంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

బెట్టింగ్ యాప్‌లవాళ్ళు టెలిగ్రామ్‌లో వస్తారు. ఒక స్టోరీకి నేను రీల్‌కి తీసుకునేదానికన్నా ఎక్కువిస్తామంటారు, పేరు చెప్పరు, బిల్లు ఇవ్వరు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలు 2020 నుంచే నిషేధం. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని ప్రచారం చేసినవాళ్ళకి రెండేళ్ళ దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. కొత్తగా పేజీ పెట్టిన తమ్ముళ్ళకి ముందు వచ్చే ఆఫర్ ఇదే ఉంటుంది కాబట్టి చెప్తున్నాను.

డబ్బు రాకపోయినా నేను మానని వీడియోలు కొన్ని ఉన్నాయి. పొందూరు ఖాదీ అందులో ఒకటి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతున్న ఒక పెద్దమ్మని తీశాను. ఆ ఎముకకి దగ్గరదగ్గరగా ఉండే సన్నటి పళ్ళు దువ్వెనలా పత్తిని శుభ్రం చేస్తాయి. చాలామంది వచ్చి వీడియోలు తీసుకెళ్ళారట ఇలాగే. "మీరందరూ తీసుకెల్తారు, మాకేటొస్తాది?" అంది, చేతిలో పని ఆపకుండానే. జవాబు చెప్పకుండా వీడియో పెట్టడం నాకిష్టం లేకపోయింది. అసలు పొందూరు పంచె ఎక్కడ దొరుకుతుంది, మిషను బట్టకీ దానికీ తేడా ఎలా పట్టాలి, సంఘం దుకాణానికి దారేది అని ఇంకో వీడియో చేసి రెండూ కలిపి పెట్టాను. పంచెలు కొన్నవాళ్ళు బిల్లు ఫొటోలు పంపారు. తర్వాతిసారి వెళ్ళినప్పుడు ఆవిడ టీ ఇప్పించింది గాని, మాట మాత్రం మార్చలేదు: ఒడికిన నూలుకి ఇచ్చే కూలి అంతే ఉంది, అమ్మకం పెరిగితే లాభం తనదాకా రావట్లేదని. ఆ విషయం వీడియోలో పెట్టనా అని అడిగితే, "పెట్టు, నానేటి భయపడతానా" అంది. పెట్టాను.

కామెంట్ల గురించి రెండు ముక్కలు. బూతు మాటల్ని దాచే సెట్టింగ్ ఉంది, మన బూతుల్ని తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రెండు రకాలుగా ఎక్కించాలి. ఆ జాబితా తయారుచేసింది మా తమ్ముడు, వాడికి అన్ని తెలుసని నాకు అప్పుడే తెలిసింది. "మీ పేజీకి కాపీరైట్ కంప్లైంట్ వచ్చింది, ఈ లింకు నొక్కండి" అనే మెసేజీలు దొంగవి. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి.

పన్నుల సంగతి నరసన్నపేటలో ఒక ఆడిటరు చూస్తారు. కంపెనీలు ఏడాదిలో 20,000 రూపాయల విలువ దాటిన వస్తువులు ఉచితంగా ఇస్తే పది శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కట్టాలి. వీడియో తీశాక తిరిగి ఇచ్చేసిన ఫోన్ లెక్కలోకి రాదు, ఉంచుకున్నది వస్తుంది. ఏడాదికి ఇరవై లక్షలు దాటితే జీఎస్టీ. మనకంత దూరం లేదులే అని ఆడిటరు గారే నవ్వారు. కెమెరా పట్టే తమ్ముడికి ఈ ఏడాది నుంచి నెలజీతం ఇస్తున్నాను, అది ఖర్చుల్లో రాయించాను. జీతం మొదలైన దగ్గర్నుంచి వాడు షూటింగుకి టైముకొస్తున్నాడు.

మళ్ళీ మూఢం వస్తోంది, షాపుల ఫోన్లు తగ్గుతాయి. ఆ ఖాళీలో శాలిహుండం కొండా, శ్రీముఖలింగం గుళ్ళూ తీసి పెట్టుకోవాలి. కళింగపట్నం బీచ్‌లో గాలికి ఆడియో పాడవకుండా మైకుకి బొచ్చు తొడుగు ఆర్డరు పెట్టాను. మగ్గం వర్క్ ఆవిడ శ్రావణమాసానికి ఇప్పుడే అడ్వాన్సు పంపింది, ఈసారి తన కూతుర్ని కూడా వీడియోలో పెట్టమంది.