కొమ్ముల వెనక నడక

"జరగండి, జరగండి" అని ఎవరో అనేలోపే రెయిన్‌డీర్ కొమ్ముల జత ఒకటి నా భుజం పక్కనుంచి దూసుకుపోయింది.

ఇవాళ అబట్స్ బ్రోమ్లీలో ఉన్నా. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో చిన్న ఊరు. ఏటా సెప్టెంబర్‌లో ఒక సోమవారం ఇక్కడ హార్న్ డాన్స్ జరుగుతుంది. ఆరుగురు కొమ్ములు పట్టుకుని ఆడతారు. వెంట విల్లు పట్టినవాడు, గుర్రం బొమ్మవాడు, విదూషకుడు, ఆడవేషంలో ఒక మగాయన. పొద్దున మొదలెట్టి రాత్రి దాకా దాదాపు 10 మైళ్ళు, పొలాల మీదుగా ఫాముల దగ్గర ఆగుతూ తిరుగుతారు.

నేను మూడో ఫాముకే కూలబడ్డా!

అక్కడ ఒకాయన కొమ్ముల్ని గడ్డి మీద మెల్లగా దించి, మణికట్టు రుద్దుకున్నాడు. అన్నిటికన్నా పెద్ద జత 11 కిలోలు ఉంటుందట. కార్బన్ డేటింగ్ చేస్తే 11వ శతాబ్దం నాటివని తేలిన కొమ్ములవి. ఏడాదంతా చర్చిలో గోడకి ఉంటాయి.

మ్యూజియం అయితే అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్ళు. ఇక్కడేమో తడి గడ్డి మీద, పక్కనే ఎవరిదో కుక్క వాసన చూస్తోంది. నాకే టెన్షన్.

ఆయన మాత్రం టీ తాగేసి, కొమ్ములు భుజానికెత్తుకుని, కంచె దాటి బ్లిత్‌ఫీల్డ్ హాల్ అనే పాత భవంతి వైపు వెళ్ళిపోయాడు. వాళ్ళ మెలోడియన్ (అకార్డియన్ లాంటి వాద్యం) చప్పుడు చెట్ల వెనక నుంచి చాలాసేపు వినబడింది.