ఐరన్ మాత్రలతో పోని జబ్బు

కడుపుతో ఉండగా నాకు వచ్చిన డిప్రెషన్‌కు నల్లగొండలో మొదట దొరికిన మందు ఐరన్ మాత్రలు. నిద్ర పట్టదు, అన్నం సయించదు, దేనిమీదా ఆశ లేదు అని చెప్పుకుంటే డాక్టరమ్మ తల ఎత్తకుండానే, "మొదటి కాన్పు కదమ్మా, మంచి మాటలు వింటూ ఉండు" అన్నారు. రక్తం తక్కువగా ఉన్న మాట నిజమే. కానీ బిడ్డ కదలిక తెలిసిందని అత్తమ్మ వాడంతా చెప్పుకొస్తుంటే నాకు సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. దానికి ఐరన్ ఏం చేస్తుంది?

మా ఆయన పట్టుబట్టి హైదరాబాదులో సైకియాట్రిస్టుకు చూపించారు. గర్భిణులకు ఇవ్వదగిన మందులున్నాయని ఆ డాక్టరుగారు ఓపికగా చెప్పినా, మాత్ర అంటేనే నాకు వణుకు. అప్పుడు ఆర్‌టీఎంఎస్ అనే అయస్కాంత చికిత్స మాట ఎత్తారు. తలకు ఒక కాయిల్ ఆనించి, మెదడు ముందుభాగానికి అయస్కాంత తరంగాలు పంపుతారు. కరెంటు షాక్ చికిత్సలోలా మత్తు ఇవ్వరు, ఫిట్స్ తెప్పించరు. కాయిల్ నుంచి కొన్ని సెంటీమీటర్లు దాటితే ఆ బలం బాగా పడిపోతుంది. అమెరికాలో 2008లోనే డిప్రెషన్‌కు దీన్ని అనుమతించారు. అయితే గర్భిణుల మీద జరిగిన అధ్యయనాలు చిన్నవేనని కూడా ఆయన దాచలేదు. అందుకే నమ్మాను.

ఎల్బీనగర్‌లో మేనత్త ఇంట్లో ఉండి, వారానికి అయిదు రోజులు వెళ్లేదాన్ని. మోతాదు తేల్చడానికి మొదట నా బొటనవేలు అదిరేదాకా బలం పెంచి చూశారు. తర్వాత రోజూ అదే పని: చెవుల్లో ప్లగ్గులు, నడుము కింద దిండు పెట్టి ఎడమకు ఒరిగించడం, నెత్తిమీద వడ్రంగిపిట్ట పొడిచినట్టు టకటక. కాస్త తలనొప్పి, అంతే.

ఒక సాయంత్రం దూరపు వదిన ఒకామె చూడవచ్చింది. "తలకు కరెంటు పెట్టించుకుంటున్నావట, పుట్టే పిల్ల చక్కగా ఉంటుందా?" అని అడిగి, టీ తాగి వెళ్లిపోయింది. ఆ రాత్రి బిడ్డ కదల్లేదు. ఎడమకు తిరిగి పడుకున్నాను, చల్లటి నీళ్లు తాగాను, పొట్ట నిమిరాను. లేదు. మేనత్తను లేపితే ఆమె ఇంకో మాట అడగకుండా చెప్పులేసుకుంది. ఆటోలో దారంతా ఆ వదినను తిడుతూనే ఉన్నాను, మధ్యలో నరసింహస్వామిని పిలుస్తూ. ఆస్పత్రిలో సిస్టరు బిడ్డ గుండె చప్పుడు వినిపించే డాప్లర్ పెట్టి వెతుకుతుంటే నా గుండె చప్పుడే నాకు వినిపించింది. తర్వాత దొరికింది, గబగబా పరుగెత్తుతున్న చిన్న చప్పుడు. బిగ్గరగా ఏడ్చాను. అంతకుముందు స్కానింగులో అదే చప్పుడు వినిపిస్తే గోడమీద క్యాలెండరు చూస్తూ కూర్చున్న మనిషిని నేను!

మేనత్త కూడా ఏడ్చింది. ఆమె రుణం ఎలా తీరుతుందో తెలియదు.

పాప నల్లగొండలోనే పుట్టింది. అత్తమ్మ చెరువుగట్టు రామలింగేశ్వరుడి మొక్కు తీర్చుకున్నారు. నేనూ దండం పెట్టుకున్నాను, డాక్టరుగారికి ఫోనూ చేశాను. ఇరవై ఒకటో రోజున ఆ వదిన పాపను ఒళ్లోకి తీసుకుని "ఎంత చక్కగా ఉందో" అంటే నేను లోపలికి వెళ్లిపోయాను. పెద్దమనసు చేసుకోమంటున్నారు మా ఆయన. చూద్దాం.

ఈ చికిత్స అందరికీ పనిచేయదు. ఫిట్స్ ఉన్నవాళ్లు, తలలో లోహపు పరికరాలున్నవాళ్లు ముందే చెప్పాలి. కదలిక తగ్గితే తెల్లారేదాకా ఆగకండి. మనసు బాధ ఎవరికి చెప్పుకోవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు.