సూర్యుడికి దండం, ప్రదక్షిణ మాత్రం మన చుట్టూ

హనుమకొండ వేయిస్తంభాల గుడికి వెళ్లినవాళ్లు రుద్రేశ్వరుడికి దండం పెట్టుకుని, నంది దగ్గర ఫొటో దిగి, స్తంభాల మీద చెక్కడం చూసి వచ్చేస్తారు. మిగిలిన రెండు గర్భగుళ్ల వైపు ఎవరూ పెద్దగా పోరు, లోపల విగ్రహాలు లేవు కాబట్టి. ఆ రెండిట్లో ఒకటి వాసుదేవుడిది, ఇంకొకటి సూర్యుడిది. త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ల గుడి అనగానే బ్రహ్మ, విష్ణువు, మహేశ్వరుడు అని మనమే అనేసుకుంటాం గానీ, 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు ఈ గుడి కట్టించినప్పుడు శివకేశవుల పక్కన నిలబెట్టింది సూర్యుడిని. శాసనంలో తిథి కూడా ఉంది, శకవర్షం 1084, మాఘ శుద్ధ త్రయోదశి. అంటే రథసప్తమి వెళ్లిన ఆరో రోజు. మాఘమాసంలో ఆదివారాలన్నీ సూర్యుడివే కాబట్టి ఆ తిథి చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఒకసారి ఆ ఖాళీ గర్భగుడి ముందు ఒక పిల్లాడు వాళ్ల నాయనమ్మను పట్టుకుని "ఇండ్ల దేవుడు లేడేందే నాయనమ్మా" అని ఒకటే గోల. ఆమె కొంగు నెత్తిన కప్పుకుంటూ "బయటున్నడు కదరా, నెత్తి మాడ్తలేదా నీకు" అంది. నవ్వొచ్చింది గానీ, ఋగ్వేదంలో సూర్యుడి సూక్తాలు తీసి చూస్తే ఆమె మాటకు తిరుగులేదు.

మొదటి మండలం 50వ సూక్తం ప్రస్కణ్వ ఋషిది. "ఉదు త్యం జాతవేదసం దేవం వహంతి కేతవః, దృశే విశ్వాయ సూర్యమ్" అని మొదలవుతుంది. అన్నీ తెలిసిన ఆ దేవుణ్ణి కిరణాలు పైకి మోసుకొస్తున్నాయి, లోకమంతా చూడాలని. అదే మండలంలో 115వ సూక్తంలో కుత్సుడు ఇంకా దూరం వెళ్తాడు. మిత్రుడికీ వరుణుడికీ అగ్నికీ ఈయనే కన్ను అని చెప్పి, ఆ మంత్రం చివరే "సూర్య ఆత్మా జగతస్తస్థుషశ్చ" అంటాడు, కదిలేవాటికీ కదలనివాటికీ ఆత్మ సూర్యుడే అని. నేను ఈ పాదం దగ్గర చాలాసేపు ఆగిపోతాను. అన్నం పెట్టేవాడు, ఆరోగ్యం ఇచ్చేవాడు అంటే ఇచ్చేవాడు ఒకడు, తీసుకునేవాళ్లం మనం, లెక్క తేలిగ్గానే ఉంటుంది. ఆత్మ అనేసరికి ఆ ఇద్దరి మధ్య దూరం పోయింది. పైగా కదలనివాటికి కూడా అన్నాడు కదా, ఆ లెక్కన మన ఓరుగల్లు ఏకశిల గుట్ట కూడా అందులోకే వస్తుంది.

ఇక రథసప్తమి వస్తే చాలు వాట్సాప్ గ్రూపుల్లో వరద. ఏడు గుర్రాలంటే ఏడు రంగులు, అర్ఘ్యం నీళ్లు ప్రిజం, పొద్దున ఎండలో విటమిన్ డి, మన పూర్వీకులు ఎప్పుడో చెప్పారు, పది మందికి పంపండి. విటమిన్ డి మంచిదే, ఎండలో నిలబడండి, నేనూ నిలబడతాను. కానీ దానికోసమే అయితే మంత్రం ఎందుకు, బాల్కనీ చాలు. గుర్రాల సంగతే తీసుకుంటే, పైన చెప్పిన ప్రస్కణ్వుడి సూక్తంలో ఏడు ఉన్నాయి, దీర్ఘతముడి సూక్తంలో (1వ మండలం, 164) "ఏకో అశ్వో వహతి సప్తనామా", ఒకే గుర్రం, పేర్లు ఏడు. విష్ణుపురాణమేమో ఆ ఏడూ గాయత్రి మొదలైన ఛందస్సులు అంటుంది. ఒకటా ఏడా అని ఋషులే పట్టుబట్టనప్పుడు మనం సైన్సు పుస్తకం పట్టుకుని లెక్క సరిచేయబోవడం దేనికో నాకర్థం కాదు.

అందరికీ తెలిసిన గాయత్రి కూడా సూర్యుడిదే, విశ్వామిత్రుడు సవితృదేవుడి మీద చెప్పింది, మూడో మండలంలో ఉంది. వానలు, పాడి, పిల్లలు అన్నీ అడిగే వేదం, ఎండకు అధిపతి ఎదురుగా నిలబడి ఇక్కడ అడిగింది మాత్రం మా బుద్ధులను ముందుకు నడిపించమని. బయట వెలుగిచ్చేవాడు లోపల ఆలోచనను కూడా కదిలిస్తాడన్న నమ్మకం లేకపోతే ఆ కోరిక కోరడం కుదరదు.

ఈశావాస్యోపనిషత్తులో ఉన్న ప్రార్థన అయితే మన వైపు జనానికి ఇంకో రకంగా కూడా ఎక్కుతుంది. "వ్యూహ రశ్మీన్ సమూహ తేజః", నీ కిరణాలు పక్కకు జరుపు, నీ తేజస్సు దగ్గరకు లాక్కో అని. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు పదకొండింటికే రోడ్లు ఖాళీ అయి వడగాడ్పు మొహం మీద కొడుతుంటే ఎవరైనా ఇదే అంటారు, సంస్కృతం రాకపోయినా. కానీ ఋషి అడిగింది ఎండ తగ్గించమని కాదు. దానికి ముందు మంత్రంలోనే చెప్పాడు, సత్యం ముఖం మీద బంగారు మూత ఉంది, దాన్ని తొలగించు పూషా అని. పూషుడన్నా సూర్యుడే. మనం ఎప్పుడూ చీకటి కప్పేస్తుంది, వెలుగు చూపిస్తుంది అనుకుంటాం. ఇక్కడ కప్పేస్తున్నదే వెలుగు. కళ్లు మిరుమిట్లు గొలిపే ఆ బింబం దగ్గరే ఆగిపోతే దాని వెనకున్నది కనపడదు. అది పక్కకు జరిగితే కనిపించేది ఎవరంటే, "యోఽసావసౌ పురుషః సోఽహమస్మి", అందులో ఉన్న పురుషుడు ఎవరో వాడే నేను. తర్వాతి మంత్రం శరీరం బూడిదయ్యే సంగతి మాట్లాడుతుంది, కాబట్టి ఇది ప్రాణం పోయే ముందు మనిషి సూర్యుడి వైపు చూసి అనే మాట అని పెద్దలు చెబుతారు.

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన శ్లోకం ఒకటి ఉంది, అది నాకు మింగుడు పడటానికి చాలా కాలం పట్టింది. లోకానికంతా కన్ను అయిన సూర్యుడికి, చూసే కళ్లలోని దోషాలు అంటవు, అలాగే అన్ని ప్రాణుల లోపలున్న ఆత్మకు లోక దుఃఖం అంటదు అని. వరంగల్ చుట్టుపక్కల ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏ ఊరికి పోయినా కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంటుంది. రైతు ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపి చూస్తాడు, లోపల గింజలు గలగలమంటే ఎండినట్టు, లేకపోతే ఇంకో రెండు ఎండలు కావాలి. మబ్బు పట్టిందంటే టెన్షన్, పట్టాలు పట్టుకుని ఇంటిల్లిపాదీ ఉరుకులే. తేమ మిగిలితే ఎనుమాముల మార్కెట్‌కు పోయేసరికి ధర ఉండదు. ఆ రోజుల్లో ఎండ అంటే దేవుడే. రెండు నెలలు తిరిగేసరికి అదే ఎండకు ఉపాధి పనికి పోయిన మనిషి వడదెబ్బ తగిలి మట్టి తట్ట పక్కనే కూలబడతాడు. ఆ ఇంటికి పోయి సూర్యుడికి ఏ దోషమూ అంటదు అని శ్లోకం చదివితే తంతారు, తన్నాలి కూడా. యముడు చెప్పింది పక్కవాడి దుఃఖాన్ని తేల్చేయడానికి పనికొచ్చే మాట కాదు. ఎవరికి వారు తమ దుఃఖం లోపల ఉన్నప్పుడు, దాన్ని చూస్తున్నవాడు ఒకడు తడవకుండా ఉన్నాడా లేదా అని వెతుక్కోవడానికి చెప్పిన మాట అది. అలా చదివితేనే నాకు దారి దొరికింది.

మంథనిని మంత్రపురి అంటారు కదా, అది గోదావరి ఒడ్డున తరాలుగా వేదం చెప్పుకున్న ఊరు. పొద్దు పొడిచే వేళకు నదిలో నిలబడి సంధ్య వార్చేవాళ్లను గమనిస్తే, గాయత్రి చెప్పి దోసిట్లో నీళ్లు మూడుసార్లు సూర్యుడి వైపు వదులుతారు. మందేహులనే రాక్షసులు ఉదయం, సాయంత్రం సూర్యుడితో పోరాడతారని, ఈ నీళ్లే వజ్రమై వాళ్లను విసిరికొడతాయని తైత్తిరీయారణ్యకంలో కథ. అంటే మన దోసెడు నీళ్లు లేకపోతే ఆయనకు ఉదయం గడవదన్నట్టు! ఇక్కడిదాకా బాగానే ఉంది, భక్తుడు ఇటు, దేవుడు అటు. ఆ వెంటనే చేతిలోకి నీళ్లు తీసుకుని, "అసావాదిత్యో బ్రహ్మ", ఆ ఆదిత్యుడే బ్రహ్మ అంటూ తన చుట్టూ తానే తిరుగుతారు. ఆత్మప్రదక్షిణ. ఎదురుగా సూర్యబింబం ఉంది, గుడిలో అయితే మూర్తి చుట్టూ తిరుగుతాం, ఇక్కడ తిరిగింది నిలబడ్డ మనిషి చుట్టూ. ఈశావాస్యం చివర్లో చెప్పిన సోఽహమస్మి రోజూ పొద్దున ఒళ్లు తిప్పి చేయిస్తున్నారన్నమాట, అర్థం తెలిసినా తెలియకపోయినా. ఆదిత్యుడిలో ఉన్నవాడూ మనిషిలో ఉన్నవాడూ ఒకడే అని తైత్తిరీయోపనిషత్తు కూడా అంటుంది.

దీన్ని అంచెలంచెలుగా అడిగి తేల్చినవాడు జనకుడు, బృహదారణ్యకోపనిషత్తులో. మనిషికి వెలుగేది అని యాజ్ఞవల్క్యుణ్ణి అడిగాడు. సూర్యుడు, ఆ వెలుగులోనే మనిషి కూర్చుంటాడు, తిరుగుతాడు, పని చేసుకుని ఇంటికొస్తాడు అన్నాడు ముని. సూర్యుడు అస్తమిస్తే? చంద్రుడు. చంద్రుడూ పోతే? అగ్ని. అగ్ని ఆరిపోతే? మాట, తన చెయ్యి తనకే కనపడని చీకట్లో కూడా పిలుపు వినపడ్డ వైపు మనిషి పోతాడు కదా. మాట కూడా ఆగిపోతే? అప్పుడు ఆత్మే వెలుగు. ఇంత చెప్పాక మామూలు రాజైతే దండం పెట్టి లేచేవాడు. జనకుడు వెయ్యి ఆవులు ఇస్తాను, ఇంకా పైమాట చెప్పండి అంటాడు, చెప్పిన కొద్దీ మళ్లీ వెయ్యి ఇస్తాను, ఇంకా చెప్పండి అంటాడు, చివరికి యాజ్ఞవల్క్యుడికే భయం పట్టుకుంది, ఈ రాజు తెలివైనవాడు, నా దగ్గరున్నదంతా లాగేసేదాకా వదిలేలా లేడని.